మనవలతో వేసవి నడక
(సంఘం వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవి సెలవులు వచ్చాయంటే మనలో చాలామందికి ఇంట్లో ఒక డ్యూటీ పడుతుంది. కొడుకులూ కోడళ్లూ, కూతుళ్లూ అల్లుళ్లూ ఆఫీసులకు పోతారు. ఎదిగీ ఎదగని మనవలు మన పాలబడతారు. "తాతయ్యా, ఎక్కడికైనా తీసుకెళ్లు" అంటారు. తీసుకెళితే "బోర్" అంటారు. ఈ రెండు మాటల మధ్య నేను నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెప్పమని కార్యదర్శి గారు కోరారు. హైదరాబాదు పాతబస్తీని ఉదాహరణగా తీసుకుని మనవి చేస్తాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మొదటి ఏడాది, సర్వీసులో టూర్ ప్రోగ్రాం వేసినట్టే కాగితం మీద ఒక్క రోజుకు ఏడు స్థలాలు రాశాను. కారు మాట్లాడాను. మే నెల. గోల్కొండ కోట మెట్లు ఎక్కేసరికి పదకొండున్నర దాటింది. దిగేటప్పుడు పదమూడేళ్ల మా మనవరాలికి కళ్లు తిరిగాయి. నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, తేరుకున్నాక మెల్లగా మజ్జిగ పట్టించాం. అరగంటలో లేచి కూర్చుంది. ఆ అరగంట నాలో ప్రాణం లేదు. పిల్ల ఉదయం నుంచీ "తలనొప్పిగా ఉంది" అంటూనే ఉంది. నేను చేతిలోని కాగితం చూసుకుంటూ "ఇంకొక్కటే" అంటూ వచ్చాను.

మరుసటి ఏడాది మళ్లీ నాతో వస్తామన్నారంటే అది వాళ్ల మంచితనం. ఈసారి పద్ధతి మార్చాను. ఊరంతా చూడాలన్న పట్టు వదిలేసి, కాలినడకన తిరగగల ఒక ముక్కను ఎంచుకున్నాం. ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకున్నాం. ఒక చోటికీ మరో చోటికీ నడక ఇరవై నిమిషాలు మించుతుందా? దారిలో నీడ ఉందా? మంచినీళ్లు, మరుగుదొడ్డి దొరుకుతాయా? ఎవరికైనా ఓపిక అయిపోతే ఆటో ఎక్కి బసకు చేరగలమా? నాలుగింటికీ జవాబు సరిగా ఉంటేనే నడక.

ఇక అసలు పేచీ వేళ దగ్గర వస్తుంది. మనకు నాలుగింటికే మెలకువ. పదమూడు, పదహారేళ్ల పిల్లలకు రాత్రి ఆలస్యంగా నిద్ర పడుతుంది, ఆలస్యంగానే తెలివి వస్తుంది. అది బద్ధకం కాదనీ, ఆ వయసులో శరీరంలోని గడియారమే అలా జరుగుతుందనీ వైద్యులు చెబుతారు. ఎండేమో మన పక్షం. అందుచేత ఒక ఒడంబడిక చేసుకున్నాం: ఉదయం నాది, సాయంత్రం వాళ్లది, మధ్యాహ్నం ఎవరిదీ కాదు. ఉదయం వాళ్లు నా కోసం లేస్తారు. సాయంత్రం నేను వాళ్ల కోసం ఓపిక తెచ్చుకుంటాను. మధ్యాహ్నం భోజనం, నిద్ర.

ఉదయం మెట్రోలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగి అఫ్జల్‌గంజ్ వైపు నడిచాం. అక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలోనే ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నారు. అప్పటిదాకా సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తని మా మనవడు ఆ చెట్టు కింద చాలాసేపు నిలబడి, "ఈ కొమ్మల మీద అంతమందా?" అన్నాడు. కారులో పోతే ఆ చెట్టు కనిపించేదే కాదు.

అక్కణ్ణుంచి నయాపూల్ దాటి, మదీనా మీదుగా పత్తర్‌గట్టీ. వరద తరువాత 1912లో ఏర్పడ్డ నగర అభివృద్ధి మండలి కట్టించిన రాతి కమానుల వరుస అది. పొద్దున్నే దుకాణాలు తెరవక ముందు వెళితే కమానులు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తాయి, నడవడానికి చోటూ ఉంటుంది. చార్ కమాన్ దాటితే ఎదురుగా 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్. పక్కన హోటల్లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఆ తరువాత మక్కా మసీదు. కుతుబ్‌షాహీల కాలంలో మొదలైన ఈ కట్టడం 1694లో, ఔరంగజేబు హయాంలో పూర్తయింది. ప్రార్థన వేళలు తప్పించి, ఒళ్లు నిండా బట్ట కట్టుకుని వెళ్లాలి.

చార్మినార్ మెట్లు ఇరుకు, నిటారు. నా మోకాళ్లు ఒప్పుకోలేదు. పిల్లలిద్దరినీ పైకి పంపి నేను కింద కూర్చున్నాను. "కాసేపట్లో దిగి ఇక్కడికే రావాలి" అని చోటు చూపించాను. వచ్చారు. ఈ వయసు పిల్లలకు ఆ మాత్రం నమ్మకం ఇస్తే నిలబెట్టుకుంటారు.

పది దాటేసరికి ఎండ ముదురుతుంది. ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియం చేరాం. ఎండ వేళకు అదే మా గొడుగు. ఈ మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పటి భవనానికి మారింది. అక్కడ కూడా అన్ని గదులూ చూడబోలేదు. ఒక్కొక్కరూ ఒక్క వస్తువు ఎంచుకోవాలన్నాం. మనవరాలు బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహాన్ని ఎంచుకుంది. రాతిలో ముసుగు పలచగా ఎలా కనిపిస్తోందో చుట్టూ తిరిగి చూసింది. మనవడు గడియారం దగ్గర పన్నెండు గంటలూ కొట్టేదాకా కూర్చున్నాడు. ఒక ముఖ్య విషయం: ఈ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారం సెలవు. టికెట్లు రిజర్వు చేసే ముందే ఆ సంగతి చూసుకోండి.

మరునాడు సాయంత్రం వాళ్ల వంతు. లాడ్ బజార్ దీపాల్లో లక్క గాజులు. చేతికి కొంత డబ్బిచ్చి, బేరం మీరే ఆడుకోండి అన్నాను. మనవరాలు మూడు దుకాణాలు తిరిగి వాళ్ల అమ్మకు గాజులు కొంది. కొంచెం ఎక్కువే పెట్టిందని నాకు తెలుసు. నోరు మెదపలేదు.

మన ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. అందువల్ల దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండాలి. బి.పి.కి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు, నీళ్లు ఇంతే తాగమన్న గుండె, కిడ్నీ రోగులు ప్రయాణానికి ముందే తమ డాక్టరును అడగాలి. టోపీ, నూలు బట్టలు, పాతబడి కాలికి అలవాటైన చెప్పులు, రెండు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు ఉంచుకోండి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆ రోజు నడక అక్కడితో సరి. మనిషి మాట తడబడినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేసి, ఈలోగా ఒళ్లు తడుపుతూ ఉండాలి.

మిత్రులారా, మన నడక చిన్నదవుతోంది, వాళ్ల నడక పెద్దదవుతోంది. రెండూ సరిపోయేది ఈ మూడు నాలుగేళ్లే. ఆ పైన కాలేజీలు, ఉద్యోగాలు. అందుకని స్థలాలు తగ్గించుకోండి, మనుషులను చూసుకోండి. కాగితం వాళ్ల చేతికివ్వండి. ఈ ఏడాది ప్రోగ్రాం మా మనవడే వేశాడు. రోజుకు రెండే స్థలాలు. మధ్యలో ఒక గంట ఖాళీ పెట్టి, పక్కన "తాతయ్య కూర్చోవడానికి" అని రాశాడు.