ప్రొద్దుతిరుగుడు: పెరటిలో పెరుగు పాఠము

(తలిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



వేసవి వచ్చినచో మన దేవదుర్గ పెరళ్లలో పూలమొక్కలు పెక్కు వాడిపోవును. ఆ యెండకు జంకక, మనిషి యెత్తు పెరిగి పూయునది ప్రొద్దుతిరుగుడు. రాయచూరు సీమ రైతులకిది నూనెగింజల పైరుగా పరిచితమే. దీనిని మీ పిల్లలచేత పెరటిలో పెంచింపవలెనని కోరుటకే మేమీ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

ఈ మొక్క పుట్టినిల్లు ఉత్తర అమెరికా. అచటి ఆదివాసులు నాలుగువేల యేండ్లకు పూర్వమే దీనిని సాగుచేసిరి. మన దేశమున నూనెపంటగా ప్రవేశించినది 1969లో.

మొదట దీనిని గుర్తించుట నేర్పుడు. కాండము నిటారుగా నుండును. నూగు తగిలి చేతికి గరుకుగా తోచును. క్రింది ఆకులు ఎదురెదురుగను, పై ఆకులు ఒకదాని తరువాత నొకటిగను వచ్చును. మనము ఒక పువ్వనుకొనునది నిజమునకు వందలకొలది చిన్నపూల గుంపు. అంచున నుండు పసుపుపచ్చని రేకులు గింజ కట్టవు. నడిమి చిన్నపూలు అంచునుండి లోపలికి వరుసగా విచ్చి, ఒక్కొక్కటి ఒక్కొక్క గింజ యగును. మెక్సికో ప్రొద్దుతిరుగుడు అను మరియొక తోటమొక్క కలదు. అది గుబురుగా కొమ్మలు వేసి నారింజరంగు పూలు పూయును. పువ్వు క్రింది కాడ ఉబ్బి బోలుగా నుండును. ఈ గుర్తులచే రెంటిని వేరుపరుపవచ్చును.

ఫిబ్రవరిలో విత్తినచో ఏప్రిల్‌లో పూయును. దినమంతయు ఎండ తగులుచోట నేల గుల్లచేసి, చివికిన పశువుల ఎరువు కలుపుడు. నారు పీకి నాటుటకంటె ఉన్నచోటనే విత్తుట మేలు. అడుగు దూరమున, అంగుళము లోతున రెండేసి గింజలు వేసి, పది దినముల తరువాత బలమైన మొలకను మాత్రముంచుడు. నల్లరేగడిలో నీరు నిలువరాదు. మొగ్గ తొడుగునపుడు, పూయునపుడు, గింజ పాలుపోసుకొనునపుడు మాత్రము తడి తప్పరాదు. దగ్గరనున్న వయ్యారిభామ కలుపును పెరికివేయుడు. 1997లో కర్ణాటకమున మొదట కనబడిన ఎండుతెగులు దానియందు దాగి, పుప్పొడితోను తామరపురుగులతోను ఈ మొక్కకు సోకును. పూసినప్పుడు పురుగుమందు చల్లకుడు. తేనెటీగలు రాకున్న గింజలు తాలుపోవును. ఈగలు తక్కువైనచో ఉదయమున మెత్తని బట్టతో పువ్వులను ఒకదాని తరువాత నొకటి మృదువుగా రుద్దుడు. గింజ ముదురునపుడు పలుచని గుడ్డ కట్టినచో చిలుకల బెడద తప్పును.

ఇక పేరు సంగతి. ఈ పువ్వు నిజముగా ప్రొద్దువెంట తిరుగునా? పిల్లలనే చూచి వ్రాయుమనుడు. లేతమొక్క ఉదయమున తూర్పునకు, సాయంకాలమున పడమటికి మొగము త్రిప్పి, రాత్రి మరల తూర్పునకు వచ్చును. పగలు కాండపు తూర్పు ప్రక్కయు, రాత్రి పడమటి ప్రక్కయు ఎక్కువగా పెరుగుటయే దీనికి కారణము. పువ్వు విచ్చి ఎదుగుదల ఆగినంతనే తిరుగుటయు ఆగి, తూర్పుమొగముగా నిలిచిపోవును. ఉదయపు టెండకు త్వరగా వెచ్చబడిన పువ్వులకు తేనెటీగలు ఎక్కువగా వచ్చును.

మన పొరుగు కన్నడిగులు దీనిని సూర్యకాంతి యందురు. వారి పేరు పువ్వు వెలుగును చెప్పును. మన పేరు మొక్క నడవడిని చెప్పును. రెండును తెలిసిన బిడ్డకు ఒక మొక్కయే రెండు విధముల గోచరించును. వీధిలోను బజారులోను కన్నడము వినుచున్న మన పిల్లలకు తెలుగు బరువగునేమోయని కొందరు తలిదండ్రులు వెరచుచున్నారు. ఆ వెరపు అక్కరలేదు. పాఠ్యపుస్తకమునందు మాత్రమే యున్న భాష వాడిపోవును. కంటితో చూచినదానిని చెప్పుటకు ఉపయోగపడిన భాష వేరూనును. బిడ్డ ప్రతిదినము మొక్క యెత్తును కొలిచి తెలుగున వ్రాయనిండు; అదే సంగతిని పొరుగింటి స్నేహితునికి కన్నడమున చెప్పనిండు. ఒక భాష మరియొకదానికి అడ్డురాదని ఆ బిడ్డయే మీకు చూపగలడు.

కావున రానున్న ఫిబ్రవరిలో ఇంటికి నాలుగు గింజలైన నాటింపుడని మిమ్ము వేడుచున్నాము.