శాసనముఖమున వివక్ష

జీవితకాలమంతయు న్యాయస్థానములలో దుర్బలుల పక్షమున వాదించిన ఒక మహనీయుని స్మృతికి అంకితమైన ఈ యుపన్యాసమునకు, పందొమ్మిదవ శతాబ్దిని అమెరికా పశ్చిమతీరమున చీనా కార్మికులు పొందిన అన్యాయమును విషయముగా గ్రహించితిని. అల్లరిమూక చేయు హింస ఎల్లర కంటను పడును. శాసనమే వివక్షకు సాధనమైనపుడు దానిని పోల్చుకొనుటకు సూక్ష్మదృష్టి కావలయును.

1848లో కాలిఫోర్నియాలో బంగారము బయల్పడగా, దారిద్ర్యమునకును అంతఃకలహములకును తాళలేక దక్షిణ చీనానుండి వేలకొలది జనులు సముద్రము దాటి వచ్చిరి. విదేశీయులగు గనిపనివారిపై 1852లో విధించిన నెలసరి పన్ను ఆచరణలో ప్రధానముగా వీరి నెత్తిననే పడెను. 1854లో, ఒక చీనీయుని చంపిన నేరమునకు శిక్షపడిన జార్జి హాల్ అను శ్వేతజాతీయుని వ్యాజ్యమున, శ్వేతజాతీయులకు వ్యతిరేకముగా చీనీయుల సాక్ష్యము చెల్లదని రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పి ఆ శిక్షను కొట్టివేసెను. కన్నులార చూచినవారు పదిమంది యున్నను, వారు చీనీయులైనచో హంతకుడు నిర్భయుడై తిరుగవచ్చునన్నమాట.

సియెర్రా నెవాడా పర్వతములలో రాతిని తొలిచి, 1869లో పూర్తియైన ఖండాంతర రైలుమార్గమునకు పశ్చిమభాగమును నిర్మించినవారిలో అత్యధికులు చీనీయులే. అనంతరము ఆర్థికమాంద్యము కమ్ముకొని పనులు కరవు కాగా, తక్కువ కూలి యిచ్చిన యజమానులను విడిచి, ఆ కూలితో పొట్టపోసికొన్నవారిపై జనాగ్రహము మరలెను. దాని పర్యవసానమే చీనా కార్మికుల ప్రవేశమును పదియేండ్లు నిషేధించిన 1882 నాటి చట్టము. 1885లో వయోమింగులోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గుగనులయొద్ద 28 మంది చీనీయులు హతులైరి. ఒక్కనికైనను శిక్ష పడలేదు.

మీరు విశేషముగా గమనింపవలసినది శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు లాండ్రీల వృత్తాంతము. కొయ్యకట్టడములలో లాండ్రీ నడుపుటకు నగర పర్యవేక్షకమండలి అనుమతి పొందవలయునని 1880లో ఒక నిబంధన వెలువడెను. అగ్నిభయమును నివారించుటయే దాని లక్ష్యమని చెప్పిరి. చీనా యను మాట అందు లేదు. నగరమందలి సుమారు 320 లాండ్రీలలో 310 కొయ్యవే, 240 చీనీయులవి. అనుమతి కోరిన సుమారు 200 మంది చీనీయులలో ఒక్కరికిని అది లభింపలేదు. ఇతరులలో ఒక్కరు తప్ప సుమారు 80 మందికి లభించెను. ఇరువదిరెండేండ్లుగా అదే చోట వృత్తి సాగించుచు, అగ్నిమాపకాధికారుల యొద్దను, ఆరోగ్యాధికారి యొద్దను యోగ్యతాపత్రములు పొందియున్న యిక్ వో అను వ్యాపారి పది డాలర్ల జుల్మానా చెల్లింపనందున కారాగృహమునకు పోవలసివచ్చెను. అతడు లొంగిపోక వ్యాజ్యము నడిపెను. శాసనము పైకి ఎంత నిష్పక్షపాతముగా కనబడినను, అమలునందు పక్షపాతమున్నచో అది రాజ్యాంగవిరుద్ధమేయనియు, సమానరక్షణ పౌరులకే కాక ఆ భూమిపై నున్న ప్రతివ్యక్తికిని చెందుననియు 1886లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను.

అయినను న్యాయము నిరంతరముగా ప్రవహింపలేదు. ప్రతి చీనా కార్మికుడును నివాసపత్రము పొందితీరవలయునన్న 1892 నాటి చట్టమును ఆ సుప్రీంకోర్టే మరుసటి యేట సమర్థించెను. 1898లో మాత్రము, శాన్‌ఫ్రాన్సిస్కోలో చీనా దంపతులకు జన్మించిన వాంగ్ కిమ్ ఆర్క్ జన్మతః అమెరికా పౌరుడేయని నిర్ణయించెను. పదియేండ్లకని విధించి పొడిగించుచు వచ్చిన ప్రవేశనిషేధము 1943లో గాని తొలగలేదు. అప్పుడైనను ఏటికి 105 మందికే అవకాశము దక్కెను. ఆసియావాసులపై నిషేధము 1917లో మన దేశమునకును వ్యాపించిన సంగతిని మనము మరువరాదు. అమెరికాలో పుట్టిన తెలుగుబిడ్డలు దశాబ్దములుగా అనుభవించుచున్న పౌరసత్వమునకు ఆ 1898 నాటి తీర్పే ప్రధానమైన న్యాయాధారము.

కనుక ఏ శాసనమునైనను దాని యక్షరములను బట్టి మాత్రమే తూచరాదు. దానివలన ఎవరికి ద్వారము తెరువబడినది, ఎవరికి మూయబడినది అని లెక్కించి చూడవలయును. అట్లు లెక్కించి, ఆ లెక్కను న్యాయమూర్తుల యెదుట నిలిపిన ఆ ప్రవాసులు తమకొరకే గాక మనకొరకును పోరాడిరి. వారి ఋణము తీర్చుకొనుటకు, మన యూళ్లకు కూలికై వచ్చిన పరదేశీయుని యెడలను ఆ న్యాయమునే పాటించుట తప్ప వేరొండు మార్గము లేదు.