వెళ్లిపోయిన ప్రాణి, మిగిలిన అమానత్

సర్వ స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

 

నేడు మేము ప్రస్తావించదలచిన విషయం కొందరికి స్వల్పమైనదిగా తోచవచ్చు. మన మొహల్లాలో పలు ఇళ్లలో మూడు నాలుగేసి పిల్లులు కలిసి పెరుగుతున్నాయి. వాటిలో ఒకటి చనిపోతే ఇంటిల్లిపాదీ దుఃఖిస్తారు. పైకి చెప్పుకోవడానికి మాత్రం సిగ్గుపడతారు. గత వారం ఒక సోదరుడు నమాజు ముగిసి అందరూ వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి, "హజ్రత్, పిల్లి కోసం ఏడిస్తే గునాహ్ అవుతుందా?" అని అడిగారు. ఆయనకు జవాబు చెప్పే ముందు మా ఇంటి సంగతి చెప్పడం న్యాయం.

మా ఇంట నాలుగు పిల్లులుండేవి. వాటిలో పెద్దది సుర్మా. కళ్ల చుట్టూ సుర్మా దిద్దినట్టు నల్లని గీత ఉండడంతో మా అమ్మాయి పెట్టిన పేరది. 13 ఏళ్లు మాతో ఉంది. ఫజ్ర్ వేళ మేము వుజూ కోసం లోటా నింపితే, ముందు అది తాగాలి. తర్వాతే మా వుజూ. మూత్రపిండాలు చెడిపోయి గత షాబాన్ మాసంలో మరణించింది. పెరట్లో నిమ్మచెట్టు కింద పూడ్చాము.

ఆ తర్వాత మా వల్ల ఒక తప్పు జరిగింది. అది చివరి రోజులు గడిపిన గదికి గొళ్లెం పెట్టాము. మిగిలిన వాటిలో భూరా అనే పోతుపిల్లి ఆ తలుపు దగ్గర కూర్చొని రాత్రంతా అరిచేది. మేము కసురుకున్నాము. వేళకు మూడు గిన్నెలలో తిండి పెట్టాము. గిన్నెలు ఖాళీ అవుతున్నాయి గనుక అన్నీ తింటున్నాయని భావించాము. భూరా వాటాను మిగతా రెండూ తింటున్నాయని గమనించలేదు. మూడో రోజు మా ఇంటావిడ దానిని ఎత్తుకొని, "ఇది ఎంత తేలికైపోయిందో చూశారా?" అన్నారు. వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాము. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానితే, శరీరంలోని కొవ్వు కాలేయంలో పేరుకొని ప్రాణం మీదికి రావచ్చునని, కొంచెం బొద్దుగా ఉన్న వాటికి ఈ ముప్పు మరీ ఎక్కువని ఆయన హెచ్చరించారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, నేలపై తిరిగే పురుగూ పుట్రా తిననివ్వక చంపిన స్త్రీ నరకశిక్షకు గురయిందన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దానిని ఎన్నో జుమాలలో ఇదే మింబర్ మీద నుండి మీకు వినిపించాము. ఆమె కఠిన హృదయురాలని చెప్పాము. మేము దేనినీ బంధించలేదు, నిజమే. కానీ చనిపోయిన దానిపై ప్రేమలో మునిగి, బతికి ఉన్నదాని ఆకలిని చూడలేదు. కాఠిన్యం ఒక్కటే కాదు, దుఃఖం కూడా మనిషిని ఏమరుపాటులో పడవేస్తుందని ఆనాడు తెలిసింది.

సోదరులారా! ఏడవడం తప్పు కాదు. తమ పసికుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు. కళ్లు చెమ్మగిల్లినా, హృదయం బాధపడినా, నోటి వెంట ప్రభువు మెచ్చే మాటే రావాలని బోధించారు. అబూ ఉమైర్ అనే చిన్నారి పెంచుకున్న పిట్ట చనిపోతే, ఆ పిట్టకు ఏమయిందని ఆప్యాయంగా పలకరించారు. పిట్ట కోసం దిగులు పడటమేమిటని ఆ బాలుణ్ణి గద్దించలేదు. మరి మీ ఇంట్లో పిల్లలు ఏడుస్తుంటే, "పిల్లే కదా" అనే హక్కు మనకెక్కడిది?

అయితే దుఃఖం మనకొక్కరికే ఉన్నదని అనుకోరాదు. భూమిపై సంచరించే జీవులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనవంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా 38వ ఆయతు తెలియజేస్తున్నది. ఒక ప్రయాణంలో సహచరులు రెండు పక్షిపిల్లలను పట్టుకోగా, తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది. దైవప్రవక్త (స) దానిని చూసి, దీనిని బాధపెట్టిందెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇప్పించారు. ఈ వృత్తాంతం అబూ దావూద్‌లో ఉంది. ఆ పక్షి గోడును ఆయన గోడుగానే విన్నారు. మేమేమో తలుపు దగ్గరి అరుపును అల్లరిగా విన్నాము.

నాలుగు పిల్లుల ఇల్లు ఒక చిన్న ఖబీలా. ఏ కిటికీ ఎవరిది, ముందు తినేదెవరు అన్నది అవి తమలో తాము ఏర్పరచుకుంటాయి. ఒకటి వెళ్లిపోతే ఆ ఏర్పాటు చెదురుతుంది. ఒకటి ఇల్లంతా వెదుకుతుంది, ఒకటి మంచం కింద దాక్కుంటుంది, నిన్నటిదాకా కలిసి పడుకున్నవి బుసకొట్టుకుంటాయి. ఏ మార్పూ చూపనిది కూడా ఉంటుంది. దానికి ప్రేమ లేదని తీర్పు చెప్పకండి. వాటి హృదయాల సంగతి వాటి సృష్టికర్తకే ఎరుక.

కనుక తిండి వేళలు మార్చకండి. ఒక్కొక్క దానికి వేరువేరుగా పెట్టి, తినేదాకా దగ్గర ఉండండి. ఒక పూర్తి రోజు ముట్టకపోతే వైద్యునికి చూపించండి. పోయిన పిల్లి పడుకున్న గుడ్డను ఆనాడే ఉతికివేయకండి. కొన్నాళ్లు వాసన చూసుకోనివ్వండి. అయితే పార్వో వంటి అంటువ్యాధితో చనిపోతే మాత్రం ఆ గుడ్డలు తీసివేసి, ఇల్లు శుద్ధి చేయండి. ఆ రోగక్రిమి నెలల తరబడి నిలిచి ఉంటుంది. ఖాళీ నింపాలని వెంటనే మరో పిల్లను తేకండి. తెచ్చిన నాడు కొన్నాళ్లు వేరే గదిలో ఉంచి, వాసనకు అలవాటు పడ్డాకే కలపండి.

మరొక మాట. జంతువుకు జనాజా నమాజు లేదు. తీజా, చాలీస్వాఁ వంటివి అసలే లేవు. మట్టిలో గౌరవంగా పూడ్చడం చాలు. మృత ప్రాణి పేర మీరు చేయగలిగినదంతా బతికి ఉన్న వాటి గిన్నెలోనే ఉంది. దాహంతో ఉన్న కుక్కకు నీరు తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని, ప్రతి ప్రాణికీ చేసిన మేలుకు పుణ్యముందని దైవప్రవక్త (స) బోధించారు.

మేము ఆ గది గొళ్లెం తీశాము. భూరా లోపలికి వెళ్లి, మూలమూలా వాసన చూసి, సుర్మా పరుపు మీద పడుకుంది. మర్నాడు చేతితో పెడితే నాలుగు ముద్దలు తిన్నది.

హజ్రత్ అబూ ఖతాదా (రజి) కోసం ఆయన కోడలు కబ్షా వుజూ నీరు పోయగా, ఒక పిల్లి వచ్చి తాగబోయింది. ఆయన పాత్రను దానివైపు వంచారు. ఆమె ఆశ్చర్యంగా చూడగా, పిల్లి అశుద్ధం కాదని, అది మన మధ్య తిరుగాడే జీవి అని దైవప్రవక్త (స) చెప్పినట్లు తెలిపారు. ఈ మధ్య ఫజ్ర్ వేళ భూరా మా లోటా దగ్గరికి వస్తున్నది. సుర్మా గుర్తుకొచ్చి కళ్లు చెమ్మగిల్లుతున్నాయి. అయినా లోటా వంచుతున్నాము.

ఓ అల్లాహ్! వెళ్లిపోయిన వాటి విషయంలో మాకు సబ్ర్‌ను, మిగిలిన వాటి విషయంలో మెలకువను ప్రసాదించు. మా ఏమరుపాటును మన్నించు. నోరులేని ప్రాణుల గోడు వినే హృదయాలను మాకు అనుగ్రహించు. ఆమీన్.