ఉస్మానియా అల్లుడు



పోయిన వారం తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఇద్దరు పెద్దవాళ్లు. ఒకావిడ చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. రెండో ఆవిడ పలకరించింది.

"ఎటు పోతున్నవ్ అక్కా?"

"మా మనుమడు ఇఫ్లూల ఉన్నడు. గింత కూర ఇచ్చొస్త."

"అయ్యో! ఎన్ని దినాలాయె? జరం దిగిందా?"

"జరమేందే? మంచిగనే ఉన్నడు. రెండేండ్లాయె అండ్ల."

రెండేళ్లుగా ఫ్లూ తగ్గని మనవడిని తలచుకుని రెండో ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సదువే తల్లీ, సదువు!" అని మొదటావిడ పకపకా నవ్వింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. నా బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

ఆమె మనవడు చదివేది ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. ఆ తర్వాత సీఫెల్ అయింది. 2007 నుంచి ఇఫ్లూ. పాత ఆటో డ్రైవర్లకు అది ఇప్పటికీ సీఫెలే. ఇప్పుడు చెప్పండి, పొరపాటు ఎవరిది? నాలుగు ఇంగ్లీషు అక్షరాలు అతికించి పేరన్నాం. దానికి అర్థం లేదు. అర్థం లేని మాటను చెవి ఊరికే వదిలెయ్యదు. తన ఇంట్లో ఉన్న మాటల్లోంచి దగ్గరిదాన్ని తెచ్చి తొడుగుతుంది. ఆ రెండో ఆవిడకు అందిన మాట జ్వరం. అందులో ఎంత ఆదుర్దా ఉందో నేను కళ్లారా చూశాను.

విహార స్థలాల్లో సందర్శకుల నోట వినబడే తమాషా పొరపాట్ల మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అలాంటివి నా నోటు పుస్తకంలో చాలా ఉన్నాయి. ఒక్కటి చెబుతాను. 1963లో తెరిచిన మన నెహ్రూ జూ పార్కులో ఒక నాన్న, ఆరేళ్ల కొడుకు కంచె పట్టుకుని నిలబడ్డారు. నాన్న బోర్డు చదివాడు: "నీటి గుర్రం." పిల్లవాడు నీళ్లకేసి చాలాసేపు చూసి, "గుర్రం ఏది నాన్నా? అది బర్రె కదా!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లం నవ్వాం. ఇంటికి వచ్చాక ఆ నవ్వు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. హిప్పోస్ అంటే గుర్రం, పొటమోస్ అంటే నది. ఎప్పుడో గ్రీకులు దాన్ని ఏటి గుర్రం అన్నారు. ఆ పొరపాటును మనం పొల్లుపోకుండా తెలుగు చేసుకున్నాం. జంతుశాస్త్రం లెక్కలో హిప్పో గుర్రం కంటే బర్రెకే దగ్గరి చుట్టం. రెండూ సరి గిట్టల జంతువులు, గుర్రానిది ఒకటే గిట్ట. పిల్లవాడు జంతువును చూసి మాట్లాడాడు, మేము బోర్డును చూసి నవ్వాం.

ఇక మన తార్నాకకు వద్దాం. సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి ఫలక్‌నుమా వైపు వెళ్తే సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, ఆ తర్వాత మన స్టేషన్. బోర్డు మీద 'జామై ఉస్మానియా' అని ఉంటుంది. ఒకసారి ఉత్తరాది నుంచి చార్మినార్ చూడవచ్చిన కుటుంబం నా ఎదుట కూర్చుంది. హిందీలో జమాయీ అంటే అల్లుడు. బోర్డు చదవగానే వాళ్ల నానమ్మ కోడలిని అడిగింది: "ఉస్మానియా అల్లుడా? పేరు మీద స్టేషనే కట్టించారంటే ఎంత మంచివాడో!" పెట్టె పెట్టెంతా నవ్వింది.

అసలు మాట జామియా. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చింది, విశ్వవిద్యాలయం అని అర్థం. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్థాపించిన ఈ విద్యాలయం ఉర్దూలో పాఠం చెప్పింది. వైద్యం, ఇంజనీరింగ్ కూడా దేశభాషలో చెప్పవచ్చని చూపించడానికి అనువాద శాఖనే నెలకొల్పి పుస్తకాలు రాయించింది. అంత పట్టుదల ఉన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి వచ్చేసరికి ఒక అచ్చు అటుదిటై అల్లుడిని తెచ్చిపెట్టింది. పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చిరునామాలో కూడా అదే 'జామై'. ఆ సంస్థ పుట్టినదీ 1918లోనే, కూనూరులో. 1958లో మన దగ్గరికి వచ్చింది. ఇక్కడి శాస్త్రవేత్తలు రాసిన వ్యాసాల మీద ఆ అల్లుడు ప్రపంచమంతా తిరిగి వచ్చాడు.

సీతాఫల్‌మండి మాటకొస్తే, సీతాఫలం అమెరికా ఖండపు పండు. సముద్రాలు దాటి వచ్చింది. మనవాళ్లకు దాని సొంత పేరు తెలియదు. సీతమ్మ పేరు పెట్టేశారు. ఊరు తెలియని బిడ్డకు ఇంటి దేవత పేరు పెట్టినట్టు. ఈ తప్పు పేరును ఎవరు మార్చమన్నా నేను ఒప్పుకోను.

ఇలా ప్రేమతో తప్పిన పేర్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూసారంబాగ్. రెండో నిజాం దగ్గర రేమండ్ అనే ఫ్రెంచి సేనాపతి ఉండేవాడు. 1755లో పుట్టాడు, 1798లో ఇక్కడే చనిపోయాడు. నిజాం సైన్యానికి కవాతు నేర్పాడు, ఫిరంగులు పోత పోయించాడు. ఫ్రెంచి వాళ్ల మర్యాద ప్రకారం ఆయన మస్యే రేమండ్. ఆ మాట హైదరాబాదు నోట్లో పడింది. ముస్లింలకు ఆయన మూసా రహీం అయ్యాడు. హిందువులకు మూసా రాం అయ్యాడు. ఒకే కూత, రెండు చెవులు. ఎవరి దేవుడు వాళ్లకు వినిపించాడు, ఇద్దరూ ఆయన్ని తమవాడే అనుకున్నారు. అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది, రాతి స్తంభం మీద ఆయన పేరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆ అక్షరాలను చదవడానికి వెళ్లేవాళ్లు తక్కువ. మూసారంబాగ్ అనే మాట మాత్రం రోజూ వేలమంది నోట పలుకుతోంది. ఫ్రెంచి పలుకుబడి తెలిసినవాళ్లు దీన్ని అపభ్రంశం అంటారు. నేను ఆదరణ అంటాను.

ఆదరణ లేని పొరపాటు ఎలా ఉంటుందో కూడా మనకు తెలుసు. మొహర్రంలో గుండెలు బాదుకుంటూ జనం "యా హసన్, యా హుస్సేన్" అని ఏడిస్తే ఆంగ్ల సిపాయిల చెవికి అది 'హాబ్సన్ జాబ్సన్'గా వినబడింది. 1886లో అచ్చైన ఒక పెద్ద నిఘంటువుకు అదే పేరు పెట్టారు. మన భాష సంగతీ అంతే. పోర్చుగీసు వాళ్లు అన్యమతస్థులను జెంటియో అన్నారు. అది ఇంగ్లీషులో జెంటూ అయింది, చివరికి తెలుగుకే పేరైపోయింది. 1816లో క్యాంప్‌బెల్ వేసిన తెలుగు వ్యాకరణం ముఖపత్రం మీద కూడా, 'జెంటూ అని వాడుకలో ఉన్న' తెలుగు అని రాయవలసి వచ్చింది. వీధిలో ఎవరిని అడిగినా తెలుగు అనే చెప్పేవారు. అడగలేదు. బస్టాపులో ఆ రెండో ఆవిడ తప్పు విన్నా "జరం దిగిందా" అని అడిగింది. నాకు తేడా అక్కడే కనబడుతుంది.

ఇక మన పేట పేరే చూడండి. తార్నాక అంటే తార్ నాకా. తార్ అంటే ఇనుప తీగ, నాకా అంటే కాపలా చౌకీ. ఒకప్పుడు ఇక్కడ తోట చుట్టూ తీగ కంచె, దానికో చౌకీ ఉండేవని పెద్దలు చెబుతారు. మా తెలుగు మాస్టారు మాత్రం ఒప్పుకునేవారు కాదు. "తార అంటే నక్షత్రం, నాకం అంటే స్వర్గం, మన పేట నక్షత్రలోకం" అనేవారు. ఆయన చెప్పింది చరిత్ర కాదు. కానీ తన పేటను అంత ఎత్తున నిలబెట్టుకున్న మనిషిని నేను తప్పుపట్టలేను.

ఇక్కడికి రెండు స్టాపుల దూరంలో హబ్సిగూడ. హబ్షీ అంటే అబిసీనియా మనిషి. నిజాం కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చిన సైనికులు ఉండేవారు, ఆ గూడెం వాళ్ల పేరున వెలిసింది. ఇథియోపియా నుంచి చదువుకోవడానికి వచ్చి అక్కడే గది అద్దెకు తీసుకున్న ఒక కుర్రాడికి ఈ సంగతి చెప్పాను. ఏడాదిగా ఆ బోర్డు కిందే బస్సు ఎక్కుతున్నాడు. మర్నాడు వెళ్లి దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుని వాళ్ల అమ్మకు పంపాడు.

ఈ సభలో విద్యార్థులు చాలామంది ఉన్నారు. మీకు ఒక పని చెబుతున్నాను. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి పేరు, వాగు పేరు, పొలం పేరు, పక్కింట్లో పెంచిన పరాయి మొక్క పేరు మీ నానమ్మ ఎలా పలుకుతుందో రాసుకోండి. దిద్దకండి. విన్నది విన్నట్టు రాయండి. వచ్చే సభకు ఆ కాగితాలు తీసుకురండి, ఇక్కడే కూర్చుని చదువుకుందాం.