అతుకుల బొంత
(శతవార్షికోత్సవముల సందర్భమున స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో బిషప్పుల సేవను, మిషనెరీల త్యాగమును, మన పాఠశాలల, ఆసుపత్రుల చరిత్రను పెద్దలు చక్కగా వివరించిరి. మేము మాత్రము బొంతలు కుట్టి బ్రతికిన ఒక పేదరాలిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నిలిచియున్నాము. ఆమె పేరు ఏ శిలాఫలకముమీదను లేదు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములోని తబితాను మీరెరుగుదురు. యొప్పేలో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురునకు ఆమె కుట్టియిచ్చిన బట్టలను చూపి యేడ్చిరి. సూది పట్టిన చేతికి బట్టయే సాక్ష్యము.

మేమెరిగిన మామ్మది కృష్ణాతీరమున సముద్రమునకు దగ్గరనున్న గ్రామము. పాత చీరెలు, పంచెలు ఉతికి, నేలమీద నాలుగైదు పొరలుగా పరచి, ముడుతలు చేతితో సాపుచేసి, అంచులు లోపలికి మడిచి, చుట్టును కుట్టుకొనుచు నడిమికి వచ్చెడిది. మంచి గుడ్డ పైకి, చిరుగుపట్టినది లోపలికి. “వెచ్చదనమిచ్చేది లోపలిదేనండి అయ్యగారూ” అనెడిది. పురిటి బిడ్డల బొంతలకు మాత్రము బాగుగా అరిగిన చీరెనే ఏరుకొనెడిది. కొత్తగుడ్డ పసి ఒంటిని గీరునట.

ఏటేట పంటల పండుగకు ఆమె కానుక ఒక బొంత. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. వేలములో గుమ్మడికాయలు, కోళ్లు అన్నియు అయిన తరువాతనే దానిని పైకెత్తెడివారము. “అతుకుల బొంతేగా” అని ఎవరో నవ్వగా మేమును నవ్వితిమి.

ఆమె చివరి దినములలో వైద్యులు ఇక చేయగలిగినది లేదని ఇంటికి పంపివేసిరి. మేము వెళ్లి 23వ కీర్తన చదివి, ఆయుష్షు పొడిగించుమని ప్రార్థన మొదలుపెట్టితిమి. ఆమె మా చేయి పట్టి ఆపినది.

“అడగడం చాలండి అయ్యగారూ. ఇచ్చినవాటికి స్తోత్రం చెబుదాం. నేను చెబుతుంటాను, మీరు ఆమేన్ అనండి.”

తాను కప్పుకొనియున్న బొంతమీద వ్రేలు నడిపించుచు ఒక్కొక్క ముక్కను చూపినది. “ఇది మా అత్తగారి చీర. సూది పట్టడం నేర్పింది, తిట్టింది కూడా. స్తోత్రం. ఇది మా ఆయన పంచె. తాగి వచ్చిన రోజులున్నాయి, మానేసిన రోజూ ఉంది. స్తోత్రం. ఇది మా మంత్రసానిది. డబ్బులడక్కుండా నలుగురు బిడ్డలకి పురుడు పోసింది. స్తోత్రం.”

ఒక నీలిపూల ముక్క దగ్గర వ్రేలు ఆగినది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాదిమందిని తీసికొనిపోయినది. అప్పటికి మేము పుట్టనేలేదు. ఆనాడు ఆమె మూడేండ్ల కూతురు కొట్టుకొనిపోయినది. మెరకనున్న బంధువుల ఇంట మరచివచ్చిన గౌను ఒక్కటే మిగిలినది.

“దీన్ని పదేళ్లు పెట్టెలో దాచానండి. ఆ పదేళ్లూ గుడికొచ్చాను గానీ నోరు తెరిచి పాడలేదు. ఒకనాడు కత్తిరించి ఇందులో కుట్టాను. పిల్ల పోయినందుకు స్తోత్రం చెప్పలేను, ఇప్పుడూ చెప్పలేను. మూడేళ్లు ఇచ్చాడు కదా, దానికి చెబుతాను.”

మా నోట ఆమేన్ రాలేదు. శ్రమలను గూర్చి వేదాంత కళాశాల పరీక్షలలో మేము వ్రాసిన జవాబులలో ఒక్కటియు ఆ పూట అక్కరకు రాలేదు. కొంతసేపు చూచి ఆమేన్ కూడ ఆమెయే అన్నది. తరువాత మాతో, “ఈ బొంత నాతో పాతిపెట్టకండి. మట్టికి చలి ఉండదు. చలేసేవాళ్లకివ్వండి” అన్నది. మూడవనాడు ప్రభువునందు నిద్రించినది.

ప్రియులారా, నిండుగా బ్రతికిన బ్రతుకు అనగా ఏమో మేము ఆ మంచము ప్రక్కను నేర్చుకొంటిమి. ఆమె చిరుగును దాచలేదు, పారవేయలేదు. మిగిలిన గుడ్డలతో కలిపి కుట్టినది. ఆ లెక్కన మనమును అతుకుల బొంతయే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయములవారు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. ఆ కుట్టు ఎక్కడెక్కడ వదలినదో మనకు తెలియును. కులము పేర, పదవుల పేర, వ్యాజ్యముల పేర మనమే దారము తెంపుచున్నాము. నూరేండ్లకు స్తోత్రము చెప్పువారము సూదియు చేత పట్టవలెను.

ఆ బొంత ఇప్పుడు మా మందిరపు కావలివాని మనుమడు కప్పుకొనుచున్నాడు. మామ్మ పోయిన తరువాత వచ్చిన పంటల పండుగకు మా స్త్రీల మైత్రి వారు కూడి ఒక బొంత కుట్టి తెచ్చిరి. కుట్లు వంకరగానే యున్నవి. వేలములో అన్నిటికంటె ముందుగా దానినే పైకెత్తితిమి.

మన అరిగిన గుడ్డలను, చిరిగిన దినములను ప్రభువు తన చేతికి తీసికొని, చలిలోనున్నవారికి కప్పుగా కుట్టును గాక. ఆమేన్.