మూడు దినముల లోటు

(మన సంఘపు మాసిక సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ మాసము ప్రసంగమునకు రక్తమున పుట్టు క్యాన్సరును విషయముగా గైకొంటిమనగానే కార్యవర్గములోని పెద్దలు ఇద్దరు కొంచెము వెనుకాడిరి. పెండ్లిండ్ల దినములలో ఆ పేరు ఎత్తుట యెందుకనిరి. మన పూర్వులు దానిని రాచపుండనిరి. ఇచ్చటి ఇరుగుపొరుగువారు పుట్రునోయి అందురు, ఆ పుట్రు మన పుట్టయే. పేరు రెండు భాషలలో తెలిసియుండియు ఏ భాషలోను పైకి పలుకని ఇండ్లు మనలో పెక్కు గలవు. అట్లు పలుకకుండుటవలన వచ్చు నష్టమును గూర్చియే మేము మాటలాడదలచితిమి. మేము వైద్యులము కాము, వర్తకులము. అయినను ఈ వ్యాధి కథ చదివినకొలదియు ఇది లెక్కలు వ్రాయువారికి సులభముగా బోధపడు కథయని తోచినది.

క్యాన్సరులు అనేకములు. మేము చెప్పబోవునది ఒక్కటే. దాని పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, వైద్యులు సి.ఎం.ఎల్. అందురు. ఆయాసము, రాత్రివేళ చెమట, ఎడమ డొక్కలో ప్లీహము పెరిగి బరువుగా నుండుట దీని లక్షణములు. పెక్కుమందికి ఏ లక్షణమును లేకయే, వేరొక కారణమున చేయించిన రక్తపరీక్షలో బయటపడును. ఒక ఘన మిల్లీమీటరు రక్తమున 4,000 మొదలు 11,000 వరకు ఉండవలసిన తెల్లకణములు ఈ వ్యాధియందు తరచుగా లక్షకు మించును. పాశ్చాత్య దేశములలో ఇది విశేషించి వృద్ధులకు వచ్చునది. మన దేశమున ముప్పది, నలుబది యేండ్లవారికి, అనగా ఇల్లు నడపుచున్నవారికి, ఎక్కువగా కానవచ్చుచున్నది.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞులు ఈ రోగుల రక్తకణములను సూక్ష్మదర్శినిలో చూచి, వానిలో ఒక క్రోమోజోము ఉండవలసినదానికంటె పొట్టిగా నున్నదని కనుగొనిరి. క్యాన్సరు ఒకదానికిని కణములోని ఒక నిర్దిష్టమైన లోపమునకును సంబంధము కానవచ్చుట అదే మొదటిసారి. తెగిన ముక్క ఏమయ్యెనో పదుమూడేండ్ల వరకు తేలలేదు. 1973లో షికాగోలోని జానెట్ రౌలీ అను విదుషి దానిని తేల్చెను. ఆమె క్రోమోజోముల ఛాయాచిత్రములను ఇంటిలో భోజనపు బల్లపై కత్తిరించి జతపరచుచుండగా, అమ్మ కాగితపు బొమ్మలతో ఆడుకొనుచున్నదని పిల్లలు నవ్వుచుండిరట. ఆ ఆటలో తేలినదేమనగా, 9వ క్రోమోజోము కొన, 22వ క్రోమోజోము కొన తెగి, ఒకదానిది ఒకదానికి అతుకుకొన్నవి.

ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. ఈ మార్పిడి పుట్టుకతో వచ్చినది కాదు. పుట్టిన పిమ్మట ఎన్నడో, ఎముకల మూలుగలో రక్తమును తయారుచేయు ఒకానొక మూలకణమున జరిగినది. ఆ కణపు సంతతియందే అది యుండును. సంతానమునిచ్చు బీజకణములలో ఉండదు. కావున తండ్రినుండి బిడ్డకు సంక్రమింపదు. అన్నకు వచ్చినందున చెల్లెలికి రావలెనను నియమము లేదు. ఒక కంచమున తినినను అంటదు. అన్ని క్యాన్సరులను గూర్చియు ఇట్లు చెప్పరాదు. కొన్ని స్తన క్యాన్సరుల వంటివి వంశములలో నడచుట నిజమే. కాని సి.ఎం.ఎల్. విషయమున సంబంధము చూడవచ్చినవారు "మీ యింట అది యున్నదట గదా" అని లేచిపోవుటకు శాస్త్రమున ఆధారము లేదు. ఆడపిల్ల పెండ్లికి అడ్డమగునని అన్న వ్యాధిని దాచిన ఇండ్లను మేమెరుగుదుము. ఆ దాచుటవలన పిల్లకు కలిగిన మేలేమియు లేదు.

ఇక ఆ అతుకు చేయు పనిని మా దుకాణపు భాషలో చెప్పెదము. యజమాని చెప్పినపుడు మాత్రమే సరకునకు చీటీ వ్రాయవలసిన గుమాస్తా ఒకడు కలడనుకొనుడు. వానికి మతి చలించి రాత్రింబవళ్లు చీటీలు వ్రాయుచునే యున్నచో కొట్టు నిండి, వీధి నిండి, వ్యాపారము మునుగును. 22వ క్రోమోజోముపై అతికిన రెండు జన్యువుల ముక్కలు కలిసి తయారుచేయు ప్రోటీను అట్టి గుమాస్తాయే. దాని పేరు బి.సి.ఆర్.-ఎ.బి.ఎల్. కణములను వృద్ధిపొందుమని అది ఎడతెగక ఆజ్ఞలు వ్రాయును. వ్రాయుటకు సిరా కావలెను గదా. ఆ సిరా ఎ.టి.పి. అను పదార్థము. దానినుండి ఫాస్ఫేటును తీసి ఇతర ప్రోటీనులకు తగిలించుటయే ఆ ఆజ్ఞ.

ఎ.టి.పి. మాట వచ్చినది గనుక ఒక పేరు స్మరింపక ముందుకు పోలేము. 1929లో హార్వర్డునందు ఫిస్కేతో కలిసి ఆ పదార్థమును కనుగొన్నవారు భీమవరమున పుట్టి, చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే యేట జర్మనీలో లోమన్ కూడ కనుగొనెను. సుబ్బారావుగారి నేతృత్వమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినాప్టెరిన్‌తో, లుకేమియా సోకిన పిల్లలలో కొందరికి తాత్కాలికముగా నిమ్మళించినదని 1948లో బోస్టనునుండి ఫార్బర్ వైద్యుడు ప్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు గతించిరి.

గుమాస్తాను చంపనక్కరలేదు; సిరాబుడ్డికి బిరడా బిగించిన చాలునను ఆలోచననుండి ఇమాటినిబ్ అను మాత్ర పుట్టినది. ఆ ప్రోటీనులో ఎ.టి.పి. కూర్చుండవలసిన గుంటలో ఈ మందు కూర్చుండును. స్విట్జర్లాండు కంపెనీ శాస్త్రజ్ఞులు దానిని తయారుచేయగా, అమెరికాలోని ఆరెగాన్ వైద్యుడు బ్రయన్ డ్రూకర్ పట్టుబట్టి 1998లో రోగులపై పరీక్ష ప్రారంభించెను. దినమునకు 300 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని పుచ్చుకొన్న 54 మందిలో 53 మందికి రక్తకణముల లెక్క సరియైనది. 2001 మే మాసమున అమెరికా ప్రభుత్వము అనుమతించినది. వ్యాధి తెలిసిన పిమ్మట పెక్కుమంది నాలుగైదేండ్లకు మించి బ్రతుకకుండిన ఈ రోగమున, మొదటినుండి ఈ మందు వాడినవారిలో పదేండ్ల పిమ్మట నూటికి 83 మంది జీవించియుండిరని ఒక పెద్ద పరిశోధన తేల్చినది.

ధర సంగతి వర్తకులు చెప్పకుండరాదు. 2013 నాటికి మన దేశమున ఆ స్విస్ కంపెనీ మాత్రలు నెలకు సుమారు 1,20,000 రూపాయలుండెను. దేశీయ కంపెనీలవి అప్పుడు 8,000 మొదలు 10,000 ఉండెను. పేటెంటు కోరిన దరఖాస్తును 2006లో చెన్నై పేటెంటు కార్యాలయము త్రోసిపుచ్చెను. పాత పదార్థపు కొత్త రూపము గుణమున మేలని తేలనిదే పేటెంటు ఇయ్యరాదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ పేటెంటును వ్యతిరేకించినవారిలో హైదరాబాదు నాట్కో కంపెనీయు, ముంబయి రోగుల సహాయ సంస్థయు ఉండిరి. స్విస్ కంపెనీవారు తమ పథకము క్రింద మన దేశపు రోగులు వేలమందికి ఉచితముగా మందిచ్చిరనుటయు న్యాయము.

మందు ఉన్నది, ధర దిగినది. మరి నష్టమెక్కడ? మాత్ర పుచ్చుకొన్న పదునెనిమిది గంటలలో అందులో సగము శరీరమునుండి పోవును, బిరడా ఊడును. గుమాస్తా చావలేదు గదా! లండనులోని హేమర్‌స్మిత్ వైద్యశాలవారు 87 మంది రోగుల మందుసీసాలకు ఎన్నిమారులు తెరచినదియు లెక్కపెట్టు మూతలు బిగించి, 2010లో ఫలితము ప్రకటించిరి. నూటికి 90కి మించి మాత్రలు వేసికొన్నవారిలో రోగపు జాడ కోరిన మట్టమునకు తగ్గునవకాశము ఆరేండ్లలో నూటికి 94. తొంబది గాని అంతకు తక్కువ గాని వేసికొన్నవారిలో 28. నెలకు ముప్పది మాత్రలు. తొంబది వంతులనగా మూడు మాత్రలు తప్పుట. చిట్టాలో మూడు పద్దులు తప్పిన మేము రాత్రి కూర్చుండి సరిచేయుదుము. ఇది అట్లు సరిచేయుటకు వీలైన లెక్క కాదు.

ఆ మూడు దినములు మన యిండ్లలో ఎట్లు పోవుచున్నవో చూడుడు. ఈ మాత్ర భోజనముతోను, నిండు గ్లాసు నీటితోను పుచ్చుకొనవలసినది. ఏకాదశినాడు భోజనము లేదు గనుక మాత్రయు లేదు. కొత్త చుట్టములు నాలుగు దినములుండిరి, డబ్బా పరుపు క్రింద దాగెను. ఈ మందువలన కొందరికి కనురెప్పలు వాచును, కాలి పిక్కలు పట్టుకొనును. రెప్పల వాపును చూచి ఎవరైన అడుగుదురేమోయని పెండ్లికి ముందు వారమంతయు మాత్రలు మానినవారు కలరు. ఒంట్లో బాగుగా నున్నది గదా యని మానినవారు మరికొందరు. ఒంట్లో బాగుగా నుండుట మాత్రవలననే. అనేక సంవత్సరములు రోగపు జాడ మిగుల తక్కువగా నున్నవారిలో కొందరికి వైద్యులే మందు ఆపి చూతురు. వారిలోను ఇంచుమించు సగముమందికి రోగము తిరిగివచ్చును, అందుకై మరల మరల పరీక్షలు చేయుదురు. సంతానము కోరు స్త్రీలు ముందుగా వైద్యునితో చెప్పవలెను, తమంతట తాము మానరాదు. ఈ మందునకు లొంగనిచో వేరు మాత్రలును గలవు. కాని లొంగుటలేదో, వేసికొనుటలేదో వైద్యునికి నిజము చెప్పువారుండవలెను.

1954లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పట్టుదలతో అడయారున వెలసిన సంస్థయు, బెంగుళూరు కిద్వాయి సంస్థయు, ముంబయి టాటా మెమోరియలును మన పాఠకులున్న ప్రాంతములకు అందుబాటున నున్నవి. మూడు మాసములకొకమారు రక్తపరీక్షకు పోవుటలో చిక్కు మందుకంటె ప్రయాణమే: ఇంట తోడు వచ్చువారు ఉండరు, ఉన్నచో ఎక్కడికని వీధి అడుగును. ఇందుకై వచ్చు ఆదివారమునుండి ఉదయము 8 మొదలు 10 గంటల వరకు సంఘ కార్యాలయమున ఒక పుస్తకముంచెదము. పేరు వ్రాయనక్కరలేదు, ప్రయాణపు తేదీ, ఒక ఫోను సంఖ్య చాలును. తోడు పోవుటకు ఇప్పటికి ముగ్గురు ఒప్పుకొనియున్నారు. ఇంకను నలుగురు కావలయును. వారిలో స్త్రీలు ఇద్దరైన ఉండిన మంచిది.