సఫ్‌లో ఒక్కటి, సంబంధంలో వేరా?

సకల స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక. అమ్మా బాద్.



మానవులందరినీ ఒకే స్త్రీ పురుషుల నుండి సృష్టించాననీ, జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం గుర్తించుకునేందుకేననీ, తన వద్ద అత్యంత గౌరవనీయుడు అత్యధిక భయభక్తులు గలవాడేననీ అల్లాహ్ సూరా అల్ హుజురాత్ 13వ ఆయతులో తెలియజేశాడు.

ఆదోని వాసులు ఇందుకు నిదర్శనం దూరాన వెతకనక్కరలేదు. మన షాహీ జామియా మస్జిద్‌ను 17వ శతాబ్దంలో నిర్మింపజేసిన సిద్ది మసూద్ ఖాన్ హబషీ, అనగా ఆఫ్రికాలోని అబిసీనియా సంతతివాడు. బీజాపూర్ సుల్తానుల కొలువులో ఎదిగి ఆదోనిని పాలించాడు. మూడు శతాబ్దాలకు పైగా మన పెద్దలు, మనం ఆ మస్జిద్‌లో సజ్దా చేస్తున్నాం. కట్టించినవాని వంశమేమిటని ఎవరమూ ఆక్షేపించలేదు. మన వీధిలోని దూదేకుల సోదరుని వంశం మాత్రం అడుగుతున్నాం.

పత్తికి పేరుగన్న ఈ ప్రాంతంలో దూది ఏకి, పరుపులు కుట్టి జీవించినవారు వారు. నూర్‌బాషలనీ, పింజారీలనీ కూడా అంటారు. తరతరాలుగా వారి ఇంటి భాష తెలుగు. ఉర్దూ రాదు గనుక వారి ఇస్లాం అరకొర అని మనలో కొందరు తలుస్తారు. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషతోనే పంపానని అల్లాహ్ సూరా ఇబ్రాహీం 4వ ఆయతులో సెలవిచ్చాడు. తెలుగులో దుఆ చేసేవాని ఈమాన్‌ను తూచే తరాజు మనకెవరిచ్చారు?

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను. చాలా ఏళ్ల క్రితం ఎమ్మిగనూరులో ఒక నిఖా సంబంధానికి మధ్యవర్తిగా ఉన్నాను. అబ్బాయి నమాజీ, చదువుకున్నవాడు, కష్టజీవి. అమ్మాయి తండ్రికి అన్నీ నచ్చాయి. దూదేకులవారని తెలిసిన మరునాడు ఆయన, "హజ్రత్, బిరాదరీ ఒప్పుకోదు. ఇంకేదైనా కారణం చెప్పండి" అన్నారు. ఇస్తిఖారా అనుకూలించలేదని నేను చెప్పివచ్చాను. అబ్బాయి తండ్రి నా వంక చూసి, "కారణం మాకు తెలుసు హజ్రత్. దాన్ని అల్లా మీద ఎందుకు పెడతారు?" అన్నారు. ఆ శుక్రవారం కూడా ఆయన నా వెనుకనే నమాజు చేశారు. సలాం చెప్పి వెనుదిరిగాక ఆయన కళ్లలోకి నేను చూడలేకపోయాను.

కొందరు 'కుఫూ', అనగా వధూవరుల సమస్థాయి గురించి ఫిఖ్హ్ గ్రంథాలలోని చర్చను అడ్డుపెట్టుకుంటారు. ఆ చర్చ దాంపత్యం సుఖంగా సాగడం కోసం జరిగింది. ఒక కులాన్ని శాశ్వతంగా దూరముంచడానికి అది ఆధారం కాజాలదు. ఖురైషీ మహిళ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కు ఉసామా బిన్ జైద్ (రజి)ను వివాహమాడమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఉసామా తండ్రి బానిసత్వం నుండి విముక్తి పొందినవారు. తల్లి ఉమ్మె ఐమన్ (రజి) హబషా స్త్రీ. ఫాతిమాకు మొదట ఇష్టం కలగలేదు. అయినా ప్రవక్త (స) మాట పాటించారు. ఆ వివాహంలో అల్లాహ్ ఎంతో మేలు ఉంచాడని తరువాత తానే తెలిపారు.

సోదరులారా! మతం, కులం పేరిట వివక్ష కూడదన్న రాజ్యాంగం 15వ అధికరణాన్ని మనం తరచూ గుర్తుచేస్తాం. అది మన హక్కు. అయితే 2007లో మన రాష్ట్ర చట్టం వెనుకబడిన ముస్లిం సమూహాలను 14 పేర్లతో జాబితాగా చేర్చింది. దూదేకులవారు అంతకుముందే వెనుకబడిన తరగతులలో ఉన్నారు. ఆ సహాయం అవసరమే. కానీ ఒకే ఉమ్మత్ అని చెప్పుకునే మనలో ఇన్ని అంతస్తులున్నాయని ప్రభుత్వ పత్రం చెప్పవలసి రావడం మనకు సిగ్గుచేటు. బయట అడిగే సమానత్వాన్ని ఇంట ఇవ్వకపోతే మన ఫిర్యాదుకు బలమెక్కడిది?

కనుక సంబంధం వచ్చినప్పుడు దీన్‌ను, నడవడిని చూడండి. మస్జిద్ కమిటీలో దూదేకుల సోదరులకు చోటివ్వండి. వారి వృత్తి పేరును తిట్టుగా పిల్లల ముందు పలకకండి. ఒక మనిషిని తల్లి పేరుతో దెప్పినందుకు అబూ జర్ (రజి) అంతటి వారినే, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ఓ అల్లాహ్! భుజానికి భుజం కలిపి నిలబడే మా హృదయాలను కూడా కలుపు. మా అహంకారాన్ని, నా ఆనాటి అబద్ధాన్ని మన్నించు. ఆమీన్.